పేడపురుగుల హాజరుపట్టీ

మార్చి 3, సోమవారం

పెద్ద లెక్కవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ప్రపంచంలో ఏ జీవి ఎంత తగ్గిందో వేల గ్రాఫు గీతలు కలిపి ఒక్క అంకెగా తేల్చేది వాళ్ళే. ఈసారి షరతు మార్చారు. నింపిన అంకెలు వద్దట. మనిషి స్వయంగా వెళ్ళి లెక్కపెట్టినవే కావాలట. మే నెలాఖరు గడువు.

ఆ వేల గీతల్లో ఒకటి నాది. పేడపురుగుల్లో అన్నిటికంటే పెద్దది, నల్లటిది, నెత్తిన కొమ్మున్నది. ఆఫీసులో దాన్ని పహిల్వాను అంటాం. ఇన్నేళ్ళలో కప్పల గీత పడింది, తూనీగల గీత పడింది, పహిల్వాను గీత మాత్రం చెక్కు చెదరలేదు. మీటింగుల్లో అందరూ సంతాపసభకి వచ్చినట్టు కూర్చుంటే నేనొక్కదాన్నే తలెత్తుకుని స్లైడు చూపించేదాన్ని. మీరు అదృష్టవంతులండీ అనేవాళ్ళు. సిగ్గుపడినట్టు నటించేదాన్ని.

నింపినవి తీసేసి పంపడమే కదా. ఒక పూట పని.

మా ఆయన టీ తాగుతూ, ఇంకెన్నాళ్ళు ఈ పేడ లెక్కలు అన్నాడు. రిటైరయ్యేదాకా అన్నాను.

మార్చి 4, మంగళవారం

ఒక పూట పని కాదు.

మార్చి 4, సాయంత్రం ఆరు

నాకు నేను మొదటి నుంచీ చెప్పుకుంటే గాని బుర్రకెక్కేలా లేదు. అందుకని రాస్తున్నాను.

మాకు పద్నాలుగు మేతబీళ్ళు. ఒక్కో బీడుకి ఒక్కో లెక్కమనిషి. నేలలో పన్నెండు కప్పులు పాతి, ఒక్కోదాని మీద గుడ్డలో మూటకట్టిన పేడ వేలాడదీయాలి. మర్నాడు వెళ్ళి ఏ పురుగు ఎన్ని పడ్డాయో చూసి రాయాలి. నెలకి రెండుసార్లు, ఏడాదికి ఎనిమిది నెలలు. ఫారంలో పదహారు తేదీలు ముందే అచ్చువేసి ఉంటాయి. తేదీ ఎదురుగా గడి ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఆ రోజు వెళ్ళలేదని అర్థం. జ్వరమో, వానో, బద్ధకమో. అప్పుడు అదే బీడులో అంతకుముందు ఏళ్ళ సగటు తీసి ఆ గడిలో వేస్తాం.

ఆ ఫారం గీసింది నేను. ఆ ఫార్ములా కట్టింది నేను. పందొమ్మిదేళ్ళయింది. వేరే దేశాల్లో నలభై ఒక్క ఆఫీసులు దాన్నే వాడుతున్నాయి. నా పేరు నాలుగు ఊళ్ళలో తెలిసిందంటే దాని చలవే.

పహిల్వాను ఇప్పుడు ఏడో నంబరు బీడులో తప్ప ఇంకెక్కడా లేదు. ఈ రోజు నింపినవన్నీ తీసేసి చూస్తే ఏడో నంబరే లేకుండా పోయింది. గడిచిన తొమ్మిదేళ్ళకి నూట నలభై నాలుగు తేదీలు. అందులో నూట పద్ధెనిమిది ఖాళీ. చివరి ఆరేళ్ళలో లెక్కమనిషి రాసిన గడి ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ నేను తలెత్తుకుని చూపించిన గీత నా సగటే. పురుగు కాదు.

ఏడో నంబరు లెక్కమనిషి మా అన్నయ్య.

మార్చి 7, శుక్రవారం

మూడు రోజులు అన్నయ్యని తిట్టుకుంటూ గడిపాను. అదైతే నాకు అలవాటైన పనే.

అన్నయ్య పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఆవులంటే ప్రాణం, పురుగులంటే సరదా. బీడు వాళ్ళింటికి నడిచిపోయేంత దూరం. అందుకని పదిహేడేళ్ళ కిందట నేనే ఈ పనిలో పెట్టించాను. మొదట్లో బాగానే చేశాడు. తర్వాత ఖాళీలు మొదలయ్యాయి. ఒక ఏడాది ఫారం మొత్తం ఖాళీగా వచ్చింది, అడుగున సంతకం మాత్రం గుండ్రంగా ఉంది. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు తల కొట్టేసినట్టయింది. చెల్లెలు ఆఫీసులో ఉందని అన్న పడకేశాడని అనుకోరూ? వాళ్ళు అనకముందే నేనే మెమో రాశాను. ఫలానా తేదీల్లో విధులకి హాజరు కానందుకు కారణం తెలుపగలరు. కింద నా సంతకం. ఆఫీసు రిపోర్టు వెనక థాంక్స్ పేజీలో ఆయన పేరు కొట్టేయించింది కూడా నేనే.

జవాబు రాలేదు. ఆ చోటికి వేరే మనిషి దొరక్క పేరు అలాగే ఉండిపోయింది. ప్రతి ఏడాదీ ఖాళీ ఫారం సంతకంతో వస్తూనే ఉంది. గుమాస్తా దాన్ని కంప్యూటర్లో ఎక్కించేవాడు. నేను దానికేసి చూసేదాన్ని కాదు.

ఐదేళ్ళుగా అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు.

మార్చి 11, మంగళవారం

పాత బీరువాలో పెద్దసారు ట్రైనింగు కాగితాలు దొరికాయి. ఈ లెక్క మొదలుపెట్టింది ఆయనే. పోయి పదహారేళ్ళయింది. అన్నయ్యతో సహా పాత లెక్కమనుషులకి ఆయన చెప్పిన సూత్రాలు ఏడు. నాలుగోది ఇదీ.

కనిపించిందే రాయాలి. కనిపించనంత మాత్రాన లేదని రాయడానికి మనమెవరం?

ఎనిమిదో నంబరు బీడు లెక్కపెట్టే టీచరమ్మకి ఫోన్ చేశాను. కప్పుల్లో ఏమీ పడకపోతే ఏం రాస్తారండీ అని అడిగాను. సున్నా పెట్టేస్తానంది. సారు వద్దన్నారు గాని, ఊరికే వదిలేస్తే నేను రాలేదని మీరనుకుంటారు కదమ్మా, అందుకే పెట్టేదాన్ని అంది. తర్వాత నవ్వుతూ, మీ అన్నగారికి అలాంటి లౌక్యం లేదు, గురువుగారు గీత గీస్తే ఆయన అడుగు దాటడు అంది.



మార్చి 12, బుధవారం

వెళ్ళాడా, వెళ్ళలేదా?

వెళ్ళకపోయుంటే పహిల్వాను ఉండొచ్చు. వెళ్ళుంటే లేదు. అన్నయ్య బద్ధకస్తుడైతే బాగుండునని నిన్నటి నుంచి మొక్కుకుంటున్నాను.

ఏప్రిల్ 5, శనివారం

మూడు వారాలు వాయిదా వేసి ఈ రోజు వెళ్ళాను. ఎరుగున్న ఇంటికి చుట్టంలా స్వీటు డబ్బా పట్టుకుని వెళ్ళాను. నన్ను చూసి అన్నయ్య పేపరు మడిచి వెనక గదిలోకి పోయాడు.  తలుపు మాత్రం చప్పుడు కాకుండా వేసుకున్నాడు. ఆ మర్యాదే నన్ను చంపింది.

వదిన కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. ఆవిడకి దాపరికం లేదు, కుండ బద్దలు కొట్టినట్టు అడిగేసింది. ఇప్పుడెందుకొచ్చావమ్మాయ్, ఇంకో మెమో గాని తెచ్చావా అని. విషయం చెప్పాను. ఆ తేదీల్లో అన్నయ్య బీడుకి వెళ్ళాడో లేదో తెలియాలి, ఆయన చెప్తే తప్ప ఇంకెవరికీ తెలియదు అన్నాను.

వదిన వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. జ్వరంలో వెళ్ళాడు, మోకాలు వాచినప్పుడు వెళ్ళాడు, ఇంట్లో పెళ్ళి పెట్టుకుని ఆ పొద్దున కూడా కప్పులు చూసొచ్చి తలస్నానం చేశాడు అంది. కట్టుకున్నదాన్ని, నా మాట నువ్వు నమ్మవు గాని, వెళ్ళి ఆ బీడునే అడుగు అంది.

స్వీటు డబ్బా తిరిగి నా చేతికే ఇచ్చింది.

ఏప్రిల్ 6, ఆదివారం

బీడుకి వెళ్ళాను. పంతొమ్మిదేళ్ళుగా ఆ బీడు గురించి రాస్తున్నాను, అందులో కాలుపెట్టి పదేళ్ళు దాటింది. సరిగ్గా రాస్తే పన్నెండు.

మొదట కనిపించింది పేడ. బీడంతా పేడే. ఎండి గట్టిపడ్డ పళ్ళేల్లాంటివి, అంచులు లేచినవి, బూడిదరంగుకి తిరిగినవి. చెప్పుతో తన్నితే చెక్కలా మోగుతున్నాయి. పహిల్వాను ఉన్న రోజుల్లో ఆవు వేసిన పేడ మూడో రోజుకి మట్టిలో కలిసిపోయేది. తిప్పి చూస్తే కింద వేలు పట్టేంత బొరియలుండేవి. ఈ రోజు ఒకటి తిప్పాను. కింద గడ్డి తెల్లగా పాలిపోయి నేలకి అతుక్కుని ఉంది. బొరియ లేదు. ఇంకోటి తిప్పాను. లేదు. ఓ ఇరవై దాకా తిప్పి గోళ్ళు విరగ్గొట్టుకున్నాను.

అప్పుడు చూశాను రేకులు. తోటల్లో మొక్క పేరు రాసి గుచ్చుతారే, అలాంటి సన్నటి అల్యూమినియం రేకులు. పేడ పక్కనే ఒక్కోటి పాతి ఉంది. వంగి తుడిచి చూస్తే మేకుతో గీకిన తేదీ. అన్నయ్య అంకెలు. ఆయన ఏడుకి నడుమ అడ్డగీత పెడతాడు, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినప్పటి నుంచీ అంతే.

ఫారం జెరాక్సు చేతిలో ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో రేకు చదివి ఒక్కో తేదీకి టిక్కు పెట్టాను. పేడ చుట్టూ గడ్డికి ఆవులు మూతి పెట్టవు కాబట్టి రేకులు తొక్కుడు పడకుండా మిగిలాయి. పాతవాటి దగ్గర పేడ కరిగిపోయింది, రేకు ఒక్కటే ఉంది. మూడేళ్ళ కిందటి తేదీ ఉన్న రేకు పక్కన మాత్రం మూడేళ్ళ కిందటి పేడ అలాగే కూర్చుని ఉంది.

ఆవుల ఆసామి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. కాంపౌండరుగారి చెల్లెల్ని అంటే, మీ అన్నకి పిచ్చేమో అనుకున్నాం అన్నాడు. ఖాళీ కప్పుల్లోకి తొంగి చూస్తాడట, కడిగి మళ్ళీ పెట్టుకుంటాడట, పేడకి ఓ జెండా పాతి వెళ్ళిపోతాడట. నెలకి రెండుసార్లు, తప్పేవాడు కాదట. ఆసామి తన గోడు కూడా చెప్పుకున్నాడు. సగం బీడు ఆవులు ముట్టవు, ఈగలతో వాటి కళ్ళు వాస్తున్నాయి, మేత కొనుక్కొచ్చి ఈ బీడు పెట్టుకోవడమెందుకని ఇంట్లో పోరుతున్నారు అని. మీ ఆఫీసువాళ్ళు ఈ బీడుని కాపాడుతున్నామంటారు, దేన్ని కాపాడుతున్నారో నాకైతే కనబడలేదమ్మా అన్నాడు.

తొంభై ఏడు రేకులు. తొంభై ఏడూ ఖాళీ గడుల తేదీలే.

బస్సులో ఏడ్చాను. ఎదుటి సీటు ఆవిడ కిటికీ కావాలా అని అడిగింది.

ఏప్రిల్ 9, బుధవారం

రేకులు దొరకని ఇరవై ఒక్క తేదీలు కాగితం మీద రాసి వదినకి పంపించాను. ఈ రోజు ఆవిడే ఫోన్ చేసింది. అన్నయ్య చెప్తుంటే తను చదువుతున్నానంది. వెనకాల ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది, నాతో కాదు.

ఇరవై తేదీలు వెళ్ళాడట. ఏ రోజు ఏం జరిగిందో కూడా చెప్పించాడు. ఒక రోజు కప్పుల్లో వాన నీళ్ళు. ఒక రోజు ఓ కప్పు కుక్క ఎత్తుకుపోయింది. ఒక రోజు కట్టిన మూట కట్టినట్టే ఉంది, ఈగ కూడా వాలలేదు.

ఒక్క తేదీ మాత్రం వెళ్ళలేదట. నాలుగేళ్ళ కిందటి ఆగస్టు పంతొమ్మిది.

ఆ తేదీ నాకు తెలుసు. నా కడుపు కోసి గడ్డ తీసిన రోజు. వదిన గొంతు తగ్గించి చెప్పింది, పొద్దుటి నుంచి ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నాడు, డాక్టరు బాగానే ఉందన్నాక లేచి వచ్చేశాడు, నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు అని.

ఏప్రిల్ 10

రాయలేను.

మే 11, ఆదివారం

ఖాళీలు సున్నాలుగా మార్చాలంటే లెక్కమనిషి సంతకం కావాలి. కాగితం పట్టుకుని వెళ్ళాను. ఈసారి అన్నయ్య వెనక గదిలోకి పోలేదు. కళ్ళజోడు తెమ్మని వదినకి చెప్పి, నూట పదిహేడు తేదీలూ వేలు పెట్టి చదివాడు. ఆగస్టు పంతొమ్మిది ఉండాల్సిన చోట ఆగి, ఇది వదిలేశావా అన్నాడు. ఐదేళ్ళలో నాతో అన్న మొదటి మాట అది. ఆ ఒక్క రోజు నువ్వు నిజంగానే వెళ్ళలేదు కదా, అది ఖాళీగానే ఉంటుంది అన్నాను. తలూపి సంతకం పెట్టాడు.

క్షమించమని అడిగాను. సరిగ్గా అడగలేకపోయాను. ముక్కు చీదుకుంటూ, ఫారం గురించీ ఫార్ములా గురించీ ఏదో మాట్లాడాను. ఆయన విన్నాడు. విని తన సంగతి చెప్పాడు.

పహిల్వాను పోయిందని ఆయనకి ఏడేళ్ళ కిందటే తెలుసట. ఎందుకు పోయిందో కూడా తెలుసట. ఆసామి ఆవులకి కడుపులో పురుగులు చావడానికి సూదులు వేసింది అన్నయ్యే. మందు పేడలోకి దిగుతుంది, ఆ పేడ తిన్న పురుగు పిల్లని పెంచలేదు. అనుమానం వచ్చాక, సూది వేసిన ఆవు పేడ ఎన్నాళ్ళు నిలుస్తుందో చూద్దామని రేకులు పాతడం మొదలుపెట్టాడు. మరి సూది ఎందుకు మానలేదన్నాను. ఆవు డొక్కలెండి నిలబడి కళ్ళలోకి చూస్తుంటే సూది వేయకుండా ఎలా వస్తామే అన్నాడు.

నాకు చెప్పొచ్చు కదా అన్నాను. అలా అని ఉండకూడదు. మెమోలో నువ్వెందుకు రాలేదని అడిగారు గాని పురుగు ఎందుకు రాలేదని అడగలేదు కదా అన్నాడు. కోపంగా అనలేదు. ఆ పురుగుని ఇద్దరం కలిసే పోగొట్టుకున్నాంలే అని, వదినని టీ పెట్టమన్నాడు.

ఇంకోసారి బీడుకి వెళ్దామా అని అడిగాను. నేను రాను, చాలు అన్నాడు.

మే 30, శుక్రవారం

పంపించాను. నూట పదిహేడు సున్నాలు, ఒక ఖాళీ. పహిల్వాను గీత ఏడేళ్ళ కిందట నేలకి తగిలి అక్కడి నుంచి లేవలేదు.

జూన్ 20, శుక్రవారం

డైరెక్టరు పిలిచాడు. తిడతాడనుకున్నాను. ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. తప్పు దిద్దుకోవడమే సైన్సు గొప్పదనం అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎంత తేలిగ్గా వచ్చిందో.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. పహిల్వాను ఆఖరి చోటు అనే కదా ఏడో నంబరుకి రక్షణ ఉత్తర్వు ఉంది. పహిల్వానే లేనప్పుడు ఉత్తర్వు దేనికన్నాడు. వచ్చే నెల ఎత్తేస్తారట. లెక్క కూడా ఆపేస్తారట. మందు వేయని ఆవుల్ని తోలితే, పక్క దేశం నుంచి పురుగుల్ని తెచ్చి వదిలితే, మళ్ళీ వస్తాయేమో చూడొచ్చు కదా అన్నాను. ఏడేళ్ళ కిందట అడిగుంటే వీలయ్యేదండీ, అప్పుడు ఆ పద్దు కింద పథకం కూడా ఉంది, మన గీత బాగుందని మనమే వద్దన్నాం అన్నాడు.

మనమే అన్నాడు. పాపం, మీరే అనలేదు.

జూలై 14, సోమవారం

నా ఫార్ములా వాడే నలభై ఒక్క ఆఫీసులకీ ఉత్తరాలు రాశాను. మీ ఖాళీల్లో సున్నాలెన్నో కనుక్కోండి అని. ఒక్కోటి విడిగా రాశాను. కాపీ కొట్టి పంపడానికి మనసొప్పలేదు.

ఆగస్టు 28, గురువారం

తొమ్మిది జవాబులు వచ్చాయి.

ఒకాయన, మా లెక్కమనుషులు ముగ్గురు పోయారు, ఇద్దరు ఎక్కడున్నారో తెలియదు, ఎవరినడగాలి అన్నాడు. ఒకావిడ, మా ఖాళీలు వందకి అరవై, మీ ఉత్తరం చదివాక నిద్ర పట్టడం లేదు, కానీ సున్నాలని నిరూపించలేం కాబట్టి సగటే ఉంచుతున్నాం అంది. ఒక కుర్రాయన, నా సవరణ ఎందులో అచ్చయిందో చెబితే తన వ్యాసంలో పేర్కొంటానన్నాడు. మిగతావాళ్ళు థాంక్స్ చెప్పారు.

కప్పలవి, పిచ్చుకలవి, నత్తలవి, ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని గడులో. ఎంతమంది ఎండలో నడిచి వెళ్ళి, ఏమీ కనిపించక, నిజాయితీగా ఏమీ రాయకుండా తిరిగొచ్చారో. వాళ్ళందరూ రాలేదని నేననుకున్నాను. వాళ్ళు చూసిన శూన్యమంతా నా సగటుతో పూడ్చేశాను. పందొమ్మిదేళ్ళపాటు ప్రపంచానికి ధైర్యం చెప్పినదాన్ని నేను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ ఆకులు కూడా లేవు.

సెప్టెంబరు 18, గురువారం

పెద్ద లెక్క వెలువడింది. పహిల్వాను సున్నా అయినందుకు ప్రపంచపు అంకె దశాంశం తర్వాత నాలుగో స్థానంలో ఒకటి తగ్గిందట. పేపర్లో మూడు స్థానాలే వేశారు.

మా ఆయన చదివి పేపరు మడిచిపెట్టాడు. పేడ లెక్కల గురించి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అక్టోబరు 3, శుక్రవారం

ఆసామి ఆవుల్ని అమ్మేశాడు. బీడు గిడ్డంగివాళ్ళు కొన్నారట. వచ్చే నెల చదును చేస్తారట. వదిన ఫోన్ చేసి చెప్పింది. అన్నయ్య ఏమన్నాడని అడిగాను. కప్పులు కడుగుతున్నాడంది.

అక్టోబరు 16, గురువారం, ఉదయం పది

ఏడో నంబరు.
కప్పులు: 12.
పహిల్వాను: 0.
చిన్నవి: 0.
వచ్చినవాళ్ళు: ఇద్దరు.